500 ఏళ్ల చర్చి మీద సోలార్ ప్యానెల్స్.. ఎలా పెట్టారంటే?

ఇంటి డాబా మీద సోలార్ పెట్టించడం ఇప్పుడు మామూలే. కానీ 1446లో కట్టడం మొదలైన చర్చి మీద పెడితే? ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో సరిగ్గా అదే జరిగింది. అక్కడి కింగ్స్ కాలేజ్ చాపెల్ పైకప్పు మీద 2023లో ఏకంగా 438 ప్యానెల్స్ బిగించారు. ఏడాదిలో చాపెల్ వాడే కరెంట్‌కి ఇవే సరిపోతాయని అంచనా.

అయితే ఇది అంత ఈజీగా జరగలేదు. చారిత్రక కట్టడం రూపు పాడవుతుందని అభ్యంతరాలు వచ్చాయి. చివరికి సిటీ కౌన్సిల్ ఓకే చెప్పాకే పని మొదలైంది.

చర్చిలే ఎందుకు?

పాత చర్చిలు ఎక్కువగా తూర్పు పడమరలుగా పొడవుగా ఉంటాయి. అంటే పైకప్పులో ఒక వాలు మొత్తం దక్షిణం వైపే. ఉత్తరార్ధ గోళంలో సోలార్‌కి బెస్ట్ దిక్కు అదే! పైగా చాలా చర్చిలకు అంచున పిట్టగోడ ఉంటుంది కాబట్టి కింద నుంచి చూస్తే ప్యానెల్స్ పెద్దగా కనిపించవు.

అసలు కష్టం ఎక్కడ?

మొదటిది బరువు. ఒక్కో ప్యానెల్ సుమారు 20 కిలోలు అనుకున్నా, 438 అంటే 8 టన్నులు దాటుతుంది. దానికి గాలి ఒత్తిడి కూడా తోడవుతుంది. పాత చెక్క దూలాలు ఇదంతా మోయగలవో లేదో ముందే లెక్క కట్టాలి.

రెండోది బిగింపు. సీసం రేకుల పైకప్పుకి ఇష్టమొచ్చినట్టు రంధ్రాలు పెడితే నీళ్లు కారతాయి. రూల్ సింపుల్: ఫోన్‌కి బ్యాక్ కవర్ వేసినట్టు ఉండాలి. రేపు తీసేస్తే కింద ఒరిజినల్‌కి గీత కూడా పడకూడదు.

మూడోది నీడ. గోపురం నీడ ఒక్క ప్యానెల్ మీద పడినా ఆ వరుస మొత్తం అవుట్‌పుట్ తగ్గొచ్చు. ప్రతి ప్యానెల్‌కి ఆప్టిమైజర్ పెడితే ఈ నష్టం చాలావరకు తగ్గుతుంది.

మరి మనకేంటి?

గ్లౌస్టర్ కెథెడ్రల్ 2016లోనే 150 ప్యానెల్స్‌తో ఈ దారి పట్టింది. మీ ఇంటికి సోలార్ ప్లాన్ చేస్తున్నా చెక్‌లిస్ట్ ఇదే: దిక్కు, నీడ, శ్లాబు బలం. ముఖ్యంగా, పైకప్పుకి రిపేర్ ఉంటే ముందు అది పూర్తి చేయండి. ప్యానెల్స్ పాతికేళ్లు ఉంటాయి, మధ్యలో విప్పి మళ్లీ బిగించడం అంటే డబుల్ ఖర్చే!