సిగ్నలు అందని చోట దారి చూపే నక్షాలు

చేతిలో స్మార్ట్‌ఫోను ఉన్నవాడు దారి తప్పడనే నమ్మకం నేడు లోకంలో బలంగా నాటుకొని ఉన్నది. పట్టణాలలో ఈ నమ్మకం చాలవరకు నిజమే. కాని కర్నూలు నుండి నందికొట్కూరు, ఆత్మకూరు మీదుగా దోర్నాల వైపు వెళ్లే దారిలో నల్లమల అడవి దట్టమయ్యే కొద్దీ ఫోనులోని సిగ్నలు గీతలు ఒక్కొక్కటిగా అంతరిస్తాయి. అప్పటివరకు తెరపై కనిపించిన పటం ఉత్త గళ్లుగా మిగిలిపోతుంది. దారి ఎక్కడికీ పోలేదు, బాటసారి ఎక్కడికీ పోలేదు. మాయమైనది పటం ఒక్కటే. అక్కర లేని చోట పనిచేసి, అక్కర పడిన చోట మొరాయించే వస్తువును సాధనమని ఎట్లా అనగలం?

సెలవు దినాన సైకిలెక్కి ఓర్వకల్లు రాతివనాల దాకానో, కె.సి. కాలువ గట్టు వెంటనో, తుంగభద్ర ఆవలి ఒడ్డుకో వెళ్లివచ్చే విద్యార్థులకు ఈ ప్రశ్న కేవలం సాంకేతికమైనది కాదు. ఎండవేళ నీళ్లు దొరికే ఊరు కుడి చేతి దారిలో ఉన్నదా, ఎడమ చేతి దారిలో ఉన్నదా అన్నది ఆరోగ్యానికి, ఒక్కొక్కప్పుడు ప్రాణానికి సంబంధించిన విషయం. అందువల్ల ఆరుబయట తిరిగేవారికి నిజంగా ఉపకరించే యాప్‌లు ఏవి, అవి ఎట్లా పనిచేస్తాయి, వాటిని ఎంతవరకు నమ్మవచ్చును అను విషయాలను ఈ వ్యాసంలో వివరించదలచినాము.

నెట్ లేకున్నా స్థానం తెలియడం ఎట్లా?

ముందుగా ఒక అపోహను తొలగించవలసి ఉన్నది. మనమెక్కడ ఉన్నామో ఫోను తెలుసుకోవడానికి ఇంటర్నెట్ అవసరమని చాలమంది భావిస్తారు. ఇది నిజం కాదు. ఆకాశవాణి వారు వార్తలు చదువుతారు. ఏ ఇంట ఎవరు వింటున్నారో వారికి తెలియదు, తెలియవలసిన పనీ లేదు. జి.పి.ఎస్. ఉపగ్రహాల తీరు కూడా ఇట్టిదే. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ అవి తమ స్థానాన్ని, తమ గడియారంలోని కాలాన్ని ఎడతెగక ప్రకటిస్తూ ఉంటాయి. మన ఫోను వింటుందే గాని వాటికి బదులు పలకదు.

సంకేతం సెకనుకు దాదాపు మూడు లక్షల కిలోమీటర్ల వేగంతో వస్తుంది. అది వచ్చుటకు పట్టిన కాలాన్ని బట్టి ఒక్కొక్క ఉపగ్రహం ఎంత దూరాన ఉన్నదో ఫోను గణిస్తుంది. సెకనులో పదిలక్షల వంతు పొరపడినా లెక్కలో 300 మీటర్ల తేడా వస్తుంది. ఫోనులోని గడియారం అంత కచ్చితమైనది కాదు గనుక, స్థానం కొరకు మూడు ఉపగ్రహాలు, గడియారపు తప్పు దిద్దుకొనుటకు నాలుగవది, వెరసి కనీసం నాలుగు ఉపగ్రహాలు కావలెను.

అమెరికా నెలకొల్పిన ఈ వ్యవస్థ 1995 నాటికి సంపూర్ణంగా పనిలోకి వచ్చినది. అయితే సామాన్యులకు అందే సంకేతంలో బుద్ధిపూర్వకంగా కొంత తప్పు కలిపేవారు. ఆ పద్ధతిని 2000 మే 2న మానుకొన్నారు. ఇప్పుడు ఆకాశం నిర్మలంగా కనిపించే చోట మామూలు ఫోను కూడా దాదాపు 5 మీటర్ల తేడాలో మన స్థానాన్ని చెప్పగలదు. మన దేశం కూడా తన తొలి మార్గనిర్దేశక ఉపగ్రహాన్ని 2013లో శ్రీహరికోట నుండి ప్రయోగించి ఈ రంగంలో అడుగు పెట్టినది.

ఇక్కడ ఒక చిన్న మెలకువ చెప్పవలెను. నెట్ ఉన్నప్పుడు ఏ ఉపగ్రహం ఎక్కడ ఉన్నదో ఫోను ముందుగానే తెలుసుకొని క్షణాలలో పని ముగిస్తుంది. నెట్ లేనప్పుడు ఆ సమాచారాన్ని ఉపగ్రహాల నుండే గ్రహించవలసి ఉండటంచేత కొన్ని నిమిషాలు పట్టవచ్చును. అట్టివేళ చెట్టు నీడ వదలి ఆరుబయట కొంతసేపు ఓపికగా నిలబడటమే ఉపాయం.

రాష్ట్రమంతా జేబులో పట్టునా?

స్థానం తెలిసినంత మాత్రాన దారి తెలియదు. దానిని గుర్తించుటకు నక్షా కావలెను. తెలుగులో పటమన్నా, ఉర్దూలో నక్షా అన్నా ఒక్కటే. నక్షా అనే మాట మన రెవిన్యూ రికార్డుల ద్వారా తెలుగు పల్లెలకు కూడా చిరపరిచితమైనదే.

రాష్ట్రపు నక్షా అంతా ఫోనులో ఎట్లా ఇముడుతుందని సందేహం కలుగవచ్చును. దానిని ఛాయాచిత్రాల రూపంలో దాచితే నిజంగానే ఇమడదు. కాని ఈ యాప్‌లు బొమ్మలను దాచవు. ప్రతి దారిని కొన్ని బిందువులుగా, ప్రతి బిందువును అక్షాంశ రేఖాంశాల అంకెలుగా వ్రాసుకొని, పక్కన దారి పేరు, తరగతి చేర్చుకొంటాయి. బొమ్మను అప్పటికప్పుడు ఫోనే గీస్తుంది. ఒక చోటు నుండి మరొక చోటికి దగ్గరి దారి కనుగొనుటకు కూడా బయటివారి సాయం అక్కరలేదు. డచ్చి శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1959లో ప్రకటించిన గణనపద్ధతి, దానిపై పెంపొందిన పద్ధతులు ఇందుకు చాలును.

ఈ తరగతి యాప్‌లలో మూడింటిని పేర్కొంటాము. గూగుల్ మ్యాప్స్ అందరికీ తెలిసినదే. దానిలో కావలసిన ప్రాంతాన్ని ముందుగా దించుకొనే వీలున్నది. కాని నెట్ లేనప్పుడు అది మోటారు వాహనాలకు మాత్రమే దారి చెబుతుంది. సైకిలుకు, నడకకు చెప్పదు. దించుకొన్న పటాన్ని కాలపరిమితి ముగియక ముందే తాజాపరచుకొంటూ ఉండవలెను. రెండవది 2010లో మొదలైన ఓస్మాండ్. సైకిలు దారులు, కాలిబాటలు, వెళ్లిన జాడను భద్రపరచే సౌకర్యం ఇందులో విస్తారంగా ఉన్నవి. ఉచిత ప్రతిలో దించుకొనగల పటాల సంఖ్యకు పరిమితి ఉన్నది. నేర్చుకొనుటకు కొంత ఓపిక కూడా కావలెను. మూడవది 2021లో వెలువడిన ఆర్గానిక్ మ్యాప్స్. ప్రకటనలు లేవు, ఖాతా తెరువనక్కరలేదు, వాడుక సులభం. సైకిలు దారి అడిగితే ఎత్తుపల్లాల రేఖను కూడా చూపుతుంది. ఎక్కవలసిన గట్టు ఎంతటిదో ముందే తెలియడం సైకిలు తొక్కేవానికి ఎంత మేలో వేరుగా చెప్పనక్కరలేదు. మొదటిసారి వాడేవారికి మేము ఈ మూడవదానినే సూచిస్తాము.

పటాలు రాష్ట్రాలవారీగా ఉంటాయి గనుక కర్నూలు విద్యార్థులు ఆంధ్రప్రదేశ్‌తో పాటు తెలంగాణ పటాన్ని కూడా దించుకొనవలెను. తుంగభద్ర వంతెన దాటి అలంపురం వైపు తిరిగితే రాష్ట్రం మారుతుంది కదా! బయలుదేరే ముందు ఇంటిలోనే ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచి, వెళ్లవలసిన ఊరి పేరు వెదకి, దారి అడిగి చూడవలెను. ఇంటిలో ఈ పరీక్షకు నిలిచిన యాప్ అడవిలోనూ నిలుస్తుంది. ప్రయాణంలో తెరను ఆర్పి ఉంచి, మలుపుల వద్ద మాత్రమే వెలిగిస్తే బ్యాటరీ ఎంతో ఆదా అవుతుంది. అది అయిపోయిననాడు అక్కరకు వచ్చేవి చొక్కా జేబులోని కాగితంపై వ్రాసుకొన్న ఊళ్ల పేర్లు, ఇంటివారి ఫోను నంబర్లు.

వాన, పిడుగు, ప్రమాదం

భారత వాతావరణ శాఖ వారి మౌసం యాప్ 2020 జూలై 27న విడుదలైనది. దాని రూపకల్పనలో హైదరాబాదు చెంతనున్న పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థ పాలుపంచుకొన్నది. పుణేలోని ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ వారి దామిని యాప్ చుట్టుపక్కల పిడుగుల సూచనను తెలుపుతుంది. మైదానంలో సైకిలుపై ఉన్నవారికి పిడుగుకు మించిన ప్రమాదం లేదు. అయితే ఈ రెండింటికీ నెట్ కావలెను గనుక బయలుదేరుటకు ముందే చూసుకొనవలెను.

ఆపద వేళ 112కు గాని, 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమైన 108 అంబులెన్సుకు గాని ఫోను చేయవచ్చును. 112కు మన కంపెనీ సిగ్నలు లేకున్నా మరొక కంపెనీ టవరు అందితే పిలుపు వెళ్లే అవకాశమున్నది. అప్పుడు “ఏదో చింతచెట్టు దగ్గర” అని చెప్పే బదులు పటంలో కనిపించే అక్షాంశ రేఖాంశాలను చదివి వినిపిస్తే సహాయకులు సూటిగా రాగలరు. కర్నూలు పట్టణం ఉత్తర అక్షాంశం 15.8, తూర్పు రేఖాంశం 78.0 దాపున ఉన్నది. ఈ అంకెలను చదువుట ప్రతి విద్యార్థికీ వచ్చి ఉండవలెను.

మన జాడ ఎవరి చేతిలో?

ఉచితంగా లభించే యాప్‌లకు మనం చెల్లించే మూల్యం ఒక్కొక్కప్పుడు మన జాడయే. స్ట్రావా అను వ్యాయామ యాప్ వాడుకరుల తిరుగుడును కలిపి ఒక ప్రపంచ పటం ప్రకటించినది. ఎడారులలోని సైనిక స్థావరాలు అందులో వెలుగు గీతలై బయటపడుతున్నవని 2018 జనవరిలో లోకం గుర్తించినది. ప్రార్థనావేళలను, ఖిబ్లా దిశను తెలిపే ఒక ప్రసిద్ధ యాప్ నుండి వాడుకరుల స్థానవివరాలు దళారీల చేతికి చేరినవని 2020 నవంబరులో పత్రికలు వెల్లడించినవి. ఇందులో గమనించదగినది ఒకటున్నది. ఖిబ్లా దిశ గణించుటకు మనమున్న చోటు అక్షాంశ రేఖాంశాలు, మక్కా అక్షాంశ రేఖాంశాలు తెలిస్తే చాలును. ఆ లెక్క ఫోనులోనే ముగుస్తుంది. మన జాడను బయటికి పంపవలసిన అగత్యమే లేదు.

కాబట్టి ఏ యాప్ అయినా అనుమతి కోరినప్పుడు “దాని పనికి ఇది అవసరమా?” అని ప్రశ్నించుకొనవలెను. స్థానానుమతిని “వాడుతున్నప్పుడు మాత్రమే” అని పరిమితం చేయవచ్చును. విద్యార్థినులు ముఖ్యంగా తాము రోజూ తిరిగే దారి, ఇల్లు, వేళలు తెలిసిపోయే విధంగా జాడలను బహిరంగపరచరాదు. ఇంటిలో ఒకరికి చెప్పి వెళ్లడం వేరు, లోకానికంతా చాటడం వేరు.

పటం చెప్పినదంతా నిజమా?

2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ ప్రాంతంలో పటాన్ని నమ్మి వెళ్లిన కారు రామగంగ నదిపై వరదకు కొంతభాగం కొట్టుకుపోయిన వంతెన మీది నుండి పడి ముగ్గురు మరణించినట్లు వార్తలు వచ్చినవి. పటంలో వంతెన ఉన్నది, నదిపై లేదు. పటం అనేది ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు చూసి చెప్పిన మాట. కంటికి, పటానికి తగవు వచ్చినప్పుడు కంటినే నమ్మవలెను. అనుమానం కలిగితే పొలంలోని రైతును అడుగవలెను. అడవి దారులలో రాత్రి ప్రయాణంపై అటవీశాఖ వారి నిషేధాలు పటంలో కనిపించకపోవచ్చును. చెక్‌పోస్టు వద్ద చెప్పే మాటే శిరోధార్యం.

అయితే ఈ లోపానికి విరుగుడు మన చేతిలోనే ఉన్నది. ఓస్మాండ్, ఆర్గానిక్ మ్యాప్స్ వాడే నక్షా ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. 2004లో ఇంగ్లండులో స్టీవ్ కోస్ట్ ఆరంభించిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అను ఉద్యమంలో లోకమంతటా స్వచ్ఛందసేవకులు వ్రాస్తూ, దిద్దుతూ వస్తున్న నక్షా అది. ఎవరూ పూనుకొనని ఊరు అందులో ఉత్త చుక్కగా మిగిలిపోతుంది. ఆ ఊరి చేతిపంపు, వైద్యశాల, కాలువ గట్టు బాట అందులో ఉండవు. దప్పిగొన్న బాటసారికి అవి లేనట్లే లెక్క.

ఆ నక్షాలో ఒక చోటికి తెలుగు పేరు, ఉర్దూ పేరు విడివిడిగా వ్రాయుటకు వేర్వేరు స్థానాలు కలవు. ఒకే వీధిని ఒక ఇంట ఒక పేరుతో, పక్క ఇంట మరొక పేరుతో పిలవడం మన ఊళ్లలో సామాన్యం. ఇంగ్లీషు అక్షరాలలో పడి రెండు పేర్ల ఉచ్చారణా చెడిపోవడం కూడా అంతే సామాన్యం. రెండు భాషలూ చదివే విద్యార్థులు ఒకే తరగతిలో కూర్చొనే మన కళాశాలకు తగిన పని ఇంతకంటె వేరొకటి ఉండబోదు. స్ట్రీట్‌కంప్లీట్ అను ఆండ్రాయిడ్ యాప్ నడిచి వెళ్లేవారిని చిన్న చిన్న ప్రశ్నలు అడిగి, జవాబులను నక్షాకు చేరుస్తుంది. షరతులు మూడే: కంటితో చూసినదే వ్రాయవలెను, ఇతర కంపెనీల పటాల నుండి ఎత్తివ్రాయరాదు, వ్యక్తుల సొంత వివరాలను చేర్చరాదు.

కళాశాల పాలకవర్గం వారికి మా విన్నపం ఒక్కటే. ఎన్.ఎస్.ఎస్. కార్యక్రమంలో భాగంగా ఒక్క విద్యాసంవత్సరం ఈ పనికి కేటాయించిన యెడల, కొండారెడ్డి బురుజు చుట్టునున్న పాతబస్తీ సందుల నుండి మన విద్యార్థుల స్వగ్రామాల వరకు వీధుల పేర్లు, నీటి వసతులు, వైద్యశాలలు రెండు భాషలలోనూ నక్షాకెక్కగలవు. ఖర్చు స్వల్పం, కావలసినవి రెండు కాళ్లు, ఒక సైకిలు, అడిగి తెలుసుకొనే వినయం. ఇతరులు గీసిన నక్షాపై ఆధారపడి తిరుగుతున్న మన విద్యార్థులు, తమ తరువాత ఆ దారిన వచ్చేవారి కొరకు ఒక బావినో, ఒక బాటనో అందులో చేర్చగలిగిననాడు ఆ ఋణం కొంతైనా తీరినట్లవుతుంది.