తొక్కే కదా అని పారవేయకండి!

త్రిఫల చూర్ణం చేసేటప్పుడు కరక్కాయ, తానికాయ, ఉసిరికాయలలో గింజను తీసివేసి పెచ్చునే గ్రహిస్తాము. అతిసారానికి దానిమ్మ పండు తొక్కను వాడుతాము. వైద్యుడు ఇంత విలువనిచ్చే తొక్క వంటింట్లో మాత్రం చెత్తబుట్ట పాలవుతున్నది.

జల్‌పల్లిలో మలబద్ధకమని నా వద్దకు వచ్చే తల్లులను, "కీరదోస తొక్క ఏం చేస్తున్నారమ్మా?" అని అడుగుతాను. "పారేస్తున్నామండీ" అంటారు. విరేచనం సాఫీగా కావడానికి తోడ్పడే పీచు ఆ తొక్కలోనే అధికం.

విధానం: లేత కీరదోస 1, క్యారెట్ 1 తీసుకొని, ఉప్పు నీటిలో 15 నిమిషాలు ఉంచి, రుద్ది కడిగి, తొక్కతోనే సన్నగా తరగండి. నిమ్మరసం, సైంధవ లవణం, చిటికెడు మిరియాల పొడి కలిపి మధ్యాహ్న భోజనంతో తినండి. మందాగ్ని గలవారికి పచ్చికూర జీర్ణం కాదు. అట్టివారు తొక్కను మన పెద్దలు చేసే బీరపొట్టు పచ్చడి వలె నూనెలో మగ్గించి తినడం మేలు.

హెచ్చరిక: అన్ని తొక్కలూ పథ్యం కావు. ఆకుపచ్చగా మారిన ఆలుగడ్డ తొక్కలో విషముంటుంది. మురుగునీటితో పండిన కూరలైతే కడిగితే మాత్రమే చాలదు, తొక్క తీసివేయండి. కీరదోస గాని, సొరకాయ గాని చేదుగా ఉంటే కాయంతా పారవేయండి. చేదు సొరకాయ రసం త్రాగి 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త మరణించారు. చేదంతా ఔషధమే అనుకోవడం ఇక్కడ ప్రాణాంతకం.

కనుక ముందు చిన్న ముక్క రుచి చూడండి; ఆ తరువాతనే తరగండి.