తిన్నను చిక్కిపోవుటేల? థైరాయిడ్ గ్రంథియు, శరీరపు బరువును

మనిషి చిక్కిపోయినచో మన గ్రామములందు పెద్దలు మొదట అడుగు ప్రశ్న "సరిగా తినుచున్నాడా?" అని. తిండి చాలనివారు చిక్కుట అందరికిని తెలిసిన విషయమే. కాని కడుపునిండ తినుచు, మునుపటికన్న ఎక్కువగా తినుచు, నెలనెలకును బరువు కోల్పోవువారు కూడ కలరు. ఇట్టివారిని గూర్చి దిష్టి తగిలినదని కొందరు, మనోవ్యాధియని కొందరు, కడుపులో పురుగులని మరికొందరు చెప్పుకొనుచుందురు. అసలు కారణము మెడలో నుండవచ్చునని తలచువారు అరుదు.

కొంతకాలము క్రిందట ఒక గ్రామమున ప్రచార సభ ముగిసిన పిమ్మట పంచాయతీ సభ్యులొకరు తమ ఇంటి సంగతి చెప్పిరి. వారి కోడలు ఆరు మాసములలో 52 కిలోల నుండి 43 కిలోలకు తగ్గినది. ఆకలి మాత్రము మెండు. చలికాలమున సైతము చెమటలు పట్టుచుండెను. నిద్ర లేదు, చిన్న మాటకే చిరాకు. ఇంట తాయెత్తు కట్టించిరి. బలమునకని టానిక్కులు త్రాగించిరి. తుదకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రములోని వైద్యురాలు ఆమెను చేతులు చాపుమని చెప్పి, వ్రేళ్లపై ఒక కాగితమునుంచిరి. కాగితము గాలికి ఊగిన ఆకువలె వణకినది. కూర్చుండి యున్నప్పుడే నాడి నిమిషమునకు 118 సార్లు కొట్టుకొనుచుండెను. రక్తపరీక్షలో థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయుచున్నట్లు తేలినది. "ఇంటిల్లిపాదిమీ ఆ పిల్లను తిండిపోతని ఎత్తిపొడిచాం. తలచుకొంటే సిగ్గుగా ఉన్నదండీ" అని ఆ సభ్యులు వాపోయిరి.

ఈ గ్రంథి మెడ ముందు భాగమున, గుటక వేయునప్పుడు పైకి క్రిందికి కదలు ముడికి దిగువగా, రెక్కలు విప్పిన సీతాకోకచిలుక ఆకారమున నుండును. పెద్దవారిలో దీని బరువు సుమారు 20 గ్రాములు మాత్రమే. ఆహారములోని అయొడిన్‌ను గ్రహించి ఇది థైరాక్సిన్ మొదలగు హార్మోనులను తయారుచేసి రక్తములోనికి వదలును. శరీరమంతటను ఆహారము ఎంత వేగముగా శక్తిగా మారవలెనో నిర్ణయించుటలో ఈ హార్మోనులకు ముఖ్యమైన పాత్ర కలదు.

దీనిని వంటింటి పొయ్యితో పోల్చవచ్చును. గాలి తగినంతగా వీచినచో కట్టెలు నిదానముగా మండును. గాలి మితిమీరినచో మంట పెరిగి, కట్టెలు త్వరగా బూడిదయగును. హార్మోనులు ఎక్కువైనప్పుడు శరీరమున జరుగునది ఇట్టిదే. పనిచేయక కూర్చున్నను శక్తి ఎక్కువగా ఖర్చగును, వేడి పుట్టును, చెమట పోయును. తిన్న తిండి చాలక, దేహము మొదట నిలువయున్న క్రొవ్వును, తరువాత కండరములను సైతము కరిగించుకొనును. అందుచేతనే కొందరు రోగులు గొంతుకూర్చున్న తరువాత చేయి ఊనక లేవలేరు. ప్రేగుల కదలిక కూడ వేగిరపడి, విరేచనములు ఎక్కువసార్లు కావచ్చును.

గుండెదడ, చేతుల వణకు, వేడికి ఓర్వలేకుండుట, నిద్రలేమి, స్త్రీలలో ఋతుక్రమము తప్పుట దీని ఇతర లక్షణములు. కొందరికి మెడ ముందు వాపు కనిపించును. కొందరికి కనుగ్రుడ్లు ముందుకు పొడుచుకొని వచ్చును. ఈ లక్షణములన్నియు ఒక్కరిలోనే యుండవు. వృద్ధులకు ఆకలి పెరుగుటకు బదులు తగ్గవచ్చును; నీరసముగా ఒక మూల కూర్చుండి పోవచ్చును. ఆకలి మరీ ఎక్కువై, ఖర్చగు శక్తిని మించి తినుటవలన బరువు పెరుగువారును కొందరు కలరు. కావున బరువొక్కటే చూచి నిర్ణయింపరాదు.

ఈ వ్యాధి పురుషులకన్న స్త్రీలకే చాల ఎక్కువగా వచ్చును. దీనికి మిక్కిలి సాధారణమైన కారణమును, 1835లో వర్ణించిన ఐర్లండు వైద్యుని పేర, గ్రేవ్స్ వ్యాధి యందురు. ఇందు శరీరమును కాపాడవలసిన రక్షకశక్తియే పొరబడి గ్రంథిని విరామము లేక ప్రేరేపించుచుండును. చికిత్స లేనిచో గుండె లయ తప్పవచ్చును, గుండె బలహీనపడవచ్చును, ఎముకలు పెళుసుబారవచ్చును. గర్భిణులలో తల్లికిని బిడ్డకును ప్రమాదము.

మెడవాపులన్నియు ఒక్కటి కావు. అయొడిన్ చాలనందున వచ్చు వాపు వేరు. శ్రీకాకుళమున 1921లో జన్మించి, విశాఖపట్నమున వైద్యవిద్య నభ్యసించిన డాక్టరు వులిమిరి రామలింగస్వామి, 1956లో నేటి హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా లోయలో తన సహచరులతో పరిశోధన ఆరంభించి, అయొడిన్ కలిపిన ఉప్పుతో ఆ వాపును తగ్గింపవచ్చునని నిరూపించిరి. 1962లో దేశమున గాయిటర్ నివారణ కార్యక్రమము మొదలైనది. కావున వాపును చూచిన మాత్రమున ఎవరికి వారే మందులు వాడరాదు. ఉప్పు మానుకొన్నంత మాత్రమున గ్రేవ్స్ వ్యాధి నయము కాదు. గ్రంథి మందగించినదో, మితిమీరినదో రక్తపరీక్షయే తేల్చును.

క్షయ, మధుమేహము మొదలగు వ్యాధులలో కూడ మనిషి చిక్కిపోవును. అందువలన కారణము తెలియక బరువు తగ్గువారికి కఫపరీక్ష, చక్కెర పరీక్ష, థైరాయిడ్ పరీక్షలలో ఏవి అవసరమో వైద్యులే నిర్ణయింపవలెను.

ఈ వ్యాధికి మంచి చికిత్స కలదు. గ్రంథి వేగమును తగ్గించు కార్బిమజోల్ వంటి మాత్రలను తరచుగా 12 నుండి 18 మాసముల వరకు వాడవలసి యుండును. కొందరికి రేడియో అయొడిన్, కొందరికి శస్త్రచికిత్స అవసరము కావచ్చును. గర్భిణులకును పాలిచ్చు తల్లులకును రేడియో అయొడిన్ ఈయరాదు. మాత్రలు వాడు కాలమున జ్వరము, గొంతునొప్పి వచ్చినచో మాత్రలాపి, ఆ దినమే వైద్యుని చూచి రక్తపరీక్ష చేయించుకొనవలెను. ఇది అరుదైనను ప్రాణాపాయమైన విషయము.

వ్యాధి అదుపులోనికి వచ్చినకొలది పోయిన బరువు తిరిగి వచ్చును. బరువు వచ్చినది గదా యని మాత్రలు మానుకొన్నవారికి వ్యాధి తిరుగబెట్టవచ్చును. పొయ్యి నిదానించిన తరువాత మునుపటివలెనే తినుచుండినచో బరువు మితిమీరవచ్చును. కావున ఆహారమును తగురీతి సరిచూచుకొనవలెను. ఇంకొక హెచ్చరిక: సన్నబడవలెనను కోరికతో, వ్యాధి లేనివారు థైరాయిడ్ హార్మోను మాత్రలు మ్రింగుట మిక్కిలి ప్రమాదకరము. అది మంచి శరీరమున ఈ వ్యాధినే కల్పించుట యగును.

ఈ విషయమున పంచాయతీ సభ్యులు చేయదగిన పని కష్టమైనది కాదు, ఖర్చుతో కూడినది కాదు. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘ సమావేశమున ఈ లక్షణములను చదివి వినిపింపవలెను. బాగుగా తినుచు చిక్కుచున్నవారిని గూర్చి తెలిసినప్పుడు ఆశా కార్యకర్తకు చెప్పి, బరువు తూచించి తేదీతో వ్రాయింపవలెను. జాగు చేయక ఆరోగ్య కేంద్రమునకు పంపవలెను. అన్నిటికన్న ముఖ్యముగా, రోగిని తిండిపోతనియు, కోపిష్ఠియనియు నిందించు మాటను అడ్డుకొనవలెను. ఆ ఆకలియు, ఆ కోపమును ఆమె స్వభావము కాకపోవచ్చును. 20 గ్రాముల గ్రంథి చేయు అల్లరి కావచ్చును. ఆ మాట మీరు చెప్పినచో గ్రామము వినును.