రెండు వన్-బీలు

ఎడిటర్ గారు అప్పగించింది అమెరికా వర్క్ వీసాల కథనం, ఇచ్చిన గడువు నాలుగు రోజులు. లాటరీ లెక్కలు, కొత్త ఫీజుల గురించి రాయాలనే కొత్తచెరువులో రైలు దిగాను. ఒక చెనిక్కాయ రైతు ఇంట్లో చూసిన కాగితం ముందు ఆ లెక్కలన్నీ వెనక్కి పోయాయి.

ఆ ఇంటి పెద్దకొడుకు హెచ్-1బీ వర్క్ వీసా మీద టెక్సాస్‌లో పనిచేస్తున్నాడు. వాళ్లమ్మ బీరువాలోంచి ప్లాస్టిక్ కవరు తెచ్చి ముందు పెట్టింది. పైన పట్టాదారు పాసుపుస్తకం, మీసేవలో తీయించిన భూమి హక్కుల రికార్డు, అంటే వన్-బీ. అడుగున, కొడుకు వాట్సాప్‌లో పంపితే ప్రింటు తీయించుకున్న ఎల్‌సీఏ, అంటే లేబర్ కండిషన్ అప్లికేషన్. అమెరికా కార్మిక శాఖ ధ్రువీకరించిన 9035 నంబరు ఫారం.

“ఈ వన్-బీలో మా ఇంటాయన పేరుంది, సర్వే నంబరుంది. మావాని వన్-బీలో వాని పేరు యాడుందప్పా?”

పేజీలన్నీ తిప్పాను. లేదు.

ఎల్‌సీఏలో ఉద్యోగి పేరే ఉండదు. ఉద్యోగం పేరు, దాని కోడు, పనిచేసే చోటు, ఎంతమంది కావాలి, కంపెనీ ఇస్తానన్న జీతం, ఆ ప్రాంతంలో ఆ పనికి నడుస్తున్న జీతం, నాలుగు మెట్లలో అది ఎన్నో మెట్టు, ఇవీ వివరాలు. మనిషి పేరు ఆ తర్వాత వేసే ఐ-129 పిటిషన్‌లో వస్తుంది. ఆ పిటిషన్ వేసేదీ కంపెనీయే. ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజులు. ఈలోగా కొత్త కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా వేరే హోదాకు మారాలి. రెండూ కాకపోతే ఇంటిదారే.

అయినా ఈ కాగితమంటే నాకు గౌరవం పెరిగింది. స్థానికంగా నడుస్తున్న జీతం, తమ దగ్గర అదే పని చేసేవాళ్లకిచ్చే జీతం, రెండింట్లో ఏది ఎక్కువైతే అదే ఇస్తామని కంపెనీ ఇందులో సంతకం పెడుతుంది. ప్రాజెక్టు లేదని బెంచి మీద కూర్చోబెట్టినా ఆ జీతం ఆపకూడదు. చేరిన రోజుకల్లా ఉద్యోగి చేతికి నకలు ఇవ్వాలి.

జీతం గడి మీద వేలు పెట్టి చూపించాను. ఆమె అప్పుడే కొడుక్కి ఫోను కలిపింది. “పే స్లిప్పు చూసి చెప్పు నాయనా” అంది. అక్కడ అర్ధరాత్రి. అతను అంకె చదివాడు, ఇక్కడ నేను చదివాను. రెండూ కలిశాయి. ఆమె ఎల్‌సీఏను ఈసారి కవరులో భూమి కాగితాల పైన పెట్టింది.

చరిత్ర క్లుప్తంగా: హెచ్-1బీ 1990 నాటి చట్టంతో వచ్చింది. ఏటా 65,000 వీసాలు, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు మరో 20,000. మార్చిలో నమోదు, అక్టోబరు 1న కొలువు. 2026 ఆర్థిక సంవత్సరానికి అర్హమైన నమోదులు 3.44 లక్షలు, లాటరీలో ఎంపికైనవి 1.20 లక్షలు. 2025 సెప్టెంబరు 21 నుంచి విదేశంలో ఉన్నవారికోసం వేసే కొత్త పిటిషన్‌కు లక్ష డాలర్ల రుసుం. 2026 ఫిబ్రవరి నుంచి జీతం మెట్టు పెరిగేకొద్దీ లాటరీలో అవకాశమూ పెరిగే నిబంధన. పల్లె నుంచి వెళ్లి తొలి ఉద్యోగం వెతుక్కునే పిల్లలకు ఇది పెద్ద దెబ్బేనని నా అభిప్రాయం.

గ్రీన్‌కార్డు వెనక్కిచ్చిన నాదెళ్ల

మైక్రోసాఫ్ట్ సీఈఓ సత్య నాదెళ్ల తండ్రి, ఐఏఎస్ అధికారి యుగంధర్‌ది అనంతపురం జిల్లా బుక్కాపురం. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ల భార్యకు వీసా రావాలంటే ఏళ్లు పట్టేది, హెచ్-1బీ వాళ్ల భార్య మాత్రం వెంట వెళ్లొచ్చు. అందుకే 1994లో సత్య దిల్లీలోని అమెరికా రాయబార కార్యాలయానికి వెళ్లి గ్రీన్‌కార్డు వదులుకుని హెచ్-1బీ అడిగారు. ‘హిట్ రిఫ్రెష్’లో ఈ సంగతి ఆయనే రాసుకున్నారు.

డబ్బు ఎవరు కట్టాలి?

పిటిషన్‌తో కట్టే శిక్షణ రుసుం 25 మంది లోపు ఉన్న కంపెనీకి 750 డాలర్లు, అంతకు మించితే 1,500. దీన్ని ఉద్యోగి దగ్గర వసూలు చేయడం నిషిద్ధం. ఎవరైనా అడిగితే ఇవ్వకండి. జీతం తగ్గించినా, ఆపినా 12 నెలల్లోగా డబ్ల్యూహెచ్-4 ఫారంతో అమెరికా కార్మిక శాఖకు ఫిర్యాదు చేయొచ్చు. వెళ్లే పిల్లలకు ఒక్క మాట: చేరిన రోజునే ఎల్‌సీఏ నకలు అడిగి తీసుకోండి, ఇంటికి ఒక ప్రింటు పంపండి.