చెప్పుకోలేని బాధ

మూడో కాన్పు తరువాత నాకొక బాధ పట్టుకున్నది. తుమ్మినా, దగ్గినా, పకపకా నవ్వినా చీర తడిసేది. సిగ్గుతో పేరంటాలు మానేశాను, మంచినీళ్ళు తగ్గించాను.

చివరకు ధైర్యం చేసి లేడీ డాక్టరుతో చెప్పాను. ఆవిడ నవ్వలేదు.

"కాన్పులకు మూత్రాశయం క్రింది కండరాలు వదులవుతాయమ్మా. నీళ్ళు తగ్గిస్తే మూత్రం చిక్కబడి ఇంకా తొందరపెడుతుంది. 1948లో అమెరికా డాక్టరు కెగెల్ దీనికి వ్యాయామం చెప్పాడు" అన్నది.

మూత్రం ఆపుకొనేటప్పటిలాగే ఆ కండరాలు బిగించి, అయిదు లెక్కపెట్టి వదలాలి, అంతసేపూ విశ్రాంతి. ఊపిరి బిగపట్టరాదు. మూత్రవిసర్జన వేళ మాత్రం చేయకూడదు. పూటకు పదిసార్లు, రోజుకు మూడు పూటలు.

మూడు నెలలకు గుణం కనిపించింది. మొన్న ఆడబడుచు కూతురి పెళ్ళిలో హాయిగా నవ్వాను.

సోదరీమణులారా, మూత్రంలో మంటగాని, రక్తంగాని కనిపిస్తే వెంటనే డాక్టరుకు చూపించుకోండి. దాచుకుంటే ఏ బాధా తగ్గదు.