ఇంటి సింగిల్ ఫేజ్ కరెంటుతో త్రీ ఫేజ్ లేత్ నడపొచ్చా? ఒక మోటారు కాల్చుకుని నేర్చుకున్న పాఠం

ఈ సైట్‌లో మనం రోజూ 67 వాట్ ఛార్జర్, 120 వాట్ ఛార్జర్ అంటూ మాట్లాడుకుంటాం. ఈసారి 1500 వాట్ల సరుకు గురించి చెప్తాను. దీనికీ చిన్న డిస్‌ప్లే ఉంది, బటన్లు ఉన్నాయి, సెట్టింగ్స్ మెనూ కూడా ఉంది. కాకపోతే జేబులో పట్టదు, గోడకి బిగించాలి. పేరు వీఎఫ్‌డీ, అంటే వేరియబుల్ ఫ్రీక్వెన్సీ డ్రైవ్. ఇంట్లో ఉండే సింగిల్ ఫేజ్ కరెంటు తీసుకుని త్రీ ఫేజ్ మోటారుని తిప్పడం దీని పని. మా మావయ్య లేత్ మెషిన్ మూడేళ్ల తర్వాత మళ్లీ తిరిగింది దీని వల్లే. దానికి ముందు ఒక మోటారు కాల్చాం. అది నా తప్పే. మీరు కూడా అదే తప్పు చేయకూడదని ఈ ఆర్టికల్.

అసలు సమస్య ఏంటి?

మావయ్యకి కాశీబుగ్గలో అద్దె షాపు ఉండేది. పలాస అంటే జీడిపప్పు అని మీకు తెలుసు. పప్పు తీసే యూనిట్లలో మెషిన్లకి షాఫ్టులు, బుష్‌లు, పుల్లీలు అరుగుతూనే ఉంటాయి. వాటిని లేత్ మీద తిప్పి కొత్తవి చేసివ్వడం ఆయన పని.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. వేల కరెంటు స్తంభాలు కూలాయి. మావయ్య షాపు రేకులు ఎగిరిపోయాయి. నేనప్పుడు బీటెక్ రెండో సంవత్సరం. ఆయన షాపు మళ్లీ తెరవలేదు. లేత్‌ని ట్రాక్టర్ మీద వజ్రపుకొత్తూరు మండలంలో ఉన్న మా ఊరికి తెచ్చి, పెరట్లో షెడ్డు వేసి, టార్పాలిన్ కప్పి ఉంచాడు.

2021లో నాకు ఉద్యోగం వచ్చింది. వర్క్ ఫ్రమ్ హోమ్ కాబట్టి ఊళ్లోనే ఉన్నాను. ఒకరోజు మావయ్య అడిగాడు: "ఒరే అల్లుడూ, బీటెక్ సదివినావు కదా, ఇంట్లో కరెంటుతో దీన్ని తిప్పడం తెలీదేటి?" నేను చదివింది కంప్యూటర్ సైన్స్. అయినా తెలీదని చెప్పడానికి నోరు రాలేదు.

మోటారు 2 హెచ్‌పీ, త్రీ ఫేజ్. మా వీధికి వచ్చేది సింగిల్ ఫేజ్ లైను. త్రీ ఫేజ్ కావాలంటే కొత్త స్తంభాలు వేసి లైను లాగాలి, ఆ ఖర్చు మనమే కట్టుకోవాలి.

త్రీ ఫేజ్ అంటే "ఎక్కువ కరెంటు" కాదు

చాలామంది (నాతో సహా) త్రీ ఫేజ్ అంటే ఎక్కువ పవర్ అనుకుంటారు. నిజానికి అక్కడ కీలకం పవర్ కాదు, తిప్పడం.

తిరగలిని ఊహించుకోండి. ఒక్క మనిషే ఒక వైపు నిలబడి నేరుగా ముందుకీ వెనక్కీ తోస్తే అది కదులుతుందే గానీ తిరగదు. చుట్టూ ముగ్గురు నిలబడి ఒకరి తర్వాత ఒకరు తోస్తే హాయిగా తిరుగుతుంది. సింగిల్ ఫేజ్‌లో ఒకే తరంగం సెకనుకి 50 సార్లు ముందుకీ వెనక్కీ ఊగుతుంది. త్రీ ఫేజ్‌లో అలాంటివి మూడు, ఒకదానికొకటి 120 డిగ్రీల తేడాతో వస్తాయి. దాంతో మోటారు లోపల అయస్కాంత క్షేత్రం గుండ్రంగా తిరుగుతుంది, రోటర్ దాని వెంట పడుతుంది.

దీనికి రుజువు మీ ఇంట్లోనే ఉంది. సీలింగ్ ఫ్యాన్‌లో కండెన్సర్ పోతే ఫ్యాన్ గుంయ్ మంటుంది గానీ కదలదు. చేత్తో తోస్తే మెల్లగా తిరుగుతుంది. ఆ చిన్న కండెన్సర్ చేసే పనల్లా, ఉన్న ఒక్క ఫేజ్ నుంచి కాస్త ముందుకి జరిగిన రెండో కరెంటు తయారు చేయడమే.

నేను చేసిన తప్పు

"అయితే లేత్‌కి కూడా పెద్ద కండెన్సర్ పెడితే సరిపోతుంది కదా" అనుకున్నాను. సింగిల్ ఫేజ్ మాత్రమే ఉన్న టైంలో రైతులు త్రీ ఫేజ్ పంపు మోటార్లని ఇలాగే నడిపేవాళ్లని విన్నాను. వీడియోలు చూసి కనెక్షన్ ఇచ్చాను. మోటారు తిరిగింది. మావయ్య మొహం వెలిగిపోయింది.

కోత మొదలుపెట్టగానే స్టార్టర్‌లో ఓవర్‌లోడ్ రిలే ట్రిప్ అవడం మొదలైంది. నేనేం చేశానంటే రిలే సెట్టింగ్ పెంచేశాను. అరగంటలో వార్నిష్ కాలిన వాసన వచ్చింది. వైండింగ్ మొత్తం నల్లగా మాడిపోయింది.

కారణం తర్వాత అర్థమైంది. ఒక కండెన్సర్ విలువ ఒకే ఒక్క లోడ్‌కి సరిగ్గా కుదురుతుంది. లేత్ మీద లోడ్ నిమిషానికోసారి మారుతుంది: ఖాళీగా తిరగడం, సన్న కోత, లోతు కోత. లోడ్ మారినప్పుడల్లా మూడు వైండింగుల్లో కరెంటు సమానంగా ఉండదు, ఏదో ఒకటి మితిమీరి వేడెక్కుతుంది. రిలే ఆ విషయమే చెప్తోంది. ఎర్రర్ మెసేజ్ వస్తే అలర్ట్ ఆపేసి పడుకున్న డెవలపర్‌లా ప్రవర్తించాను నేను.

వీఎఫ్‌డీ లోపల ఏముంది?

రెండో ప్రయత్నంలో వీఎఫ్‌డీ కొన్నాం. 2 హెచ్‌పీది, అంటే 1.5 కిలోవాట్లది, ఒక బడ్జెట్ ఫోన్ ధరకి దొరుకుతుంది. లోపల జరిగేది మూడు స్టెప్పులు.

ఒకటి: డయోడ్ బ్రిడ్జ్ ఇంటి 230 వోల్టుల ఏసీని డీసీగా మారుస్తుంది.

రెండు: పెద్ద కెపాసిటర్లు ఆ డీసీని నిలకడగా పట్టి ఉంచుతాయి. ఇక్కడ సుమారు 325 వోల్టులు ఉంటాయి.

మూడు: ఆరు ఐజీబీటీ స్విచ్‌లు ఆ డీసీని సెకనుకి వేలసార్లు ఆన్ ఆఫ్ చేసి, 120 డిగ్రీల తేడాతో మూడు తరంగాలు తయారు చేస్తాయి.

మొదటి రెండు స్టెప్పులు మీ ఫోన్ ఛార్జర్‌లోనూ ఉన్నాయి. మూడోది మీ ఇన్వర్టర్ ఏసీ కంప్రెసర్‌ని నడుపుతోంది. ఎలక్ట్రిక్ స్కూటర్‌లో బ్యాటరీ డీసీ నుంచి మోటారుకి మూడు ఫేజ్‌లు ఇచ్చే కంట్రోలర్ కూడా ఇదే సూత్రం. అంటే ఈ టెక్నాలజీ మనకి కొత్త కాదు, లేత్ దగ్గరికి తీసుకెళ్లడమే కొత్త.

415 దగ్గరే అందరూ పడేది

ఇది ఈ ఆర్టికల్‌లో అన్నిటికంటే ముఖ్యమైన పాయింట్. సింగిల్ ఫేజ్ 230 వోల్టులు తీసుకునే మామూలు వీఎఫ్‌డీ, బయటికి కూడా గరిష్ఠంగా 230 వోల్టుల త్రీ ఫేజే ఇస్తుంది. మోటారు నేమ్ ప్లేట్ మీదేమో 415 వోల్టులు అని ఉంటుంది. ఇక్కడ మోటారు కనెక్షన్ చూడాలి.

మన దగ్గర చిన్న మోటార్లు ఎక్కువగా స్టార్ కనెక్షన్‌లో వస్తాయి. స్టార్‌లో మూడు వైండింగుల చివరలు ఒకచోట కలుస్తాయి. అప్పుడు బయట 415 ఇచ్చినా ఒక్కో వైండింగ్‌కి అందేది 415ని 1.732తో భాగిస్తే వచ్చే సుమారు 240 వోల్టులే. అదే మోటారుని డెల్టాగా మారిస్తే, వీఎఫ్‌డీ ఇచ్చే 230 నేరుగా ఒక్కో వైండింగ్‌కి చేరుతుంది. మోటారుకి తేడా తెలీదు, పూర్తి బలంతో తిరుగుతుంది.

టెర్మినల్ బాక్స్‌లో ఆరు కొనలు ఉంటే పత్తీలు మార్చితే చాలు. చాలా చిన్న మోటార్లలో మూడే బయటికి ఉంటాయి, స్టార్ ముడి లోపలే కట్టేసి ఉంటుంది. మా మోటారు అలాంటిదే. ఎలాగూ రీవైండింగ్‌కి ఇచ్చాం కాబట్టి "ఆరు వైర్లు బయటికి తీయండి" అని అడిగాం. కాలిపోవడం వల్ల జరిగిన మంచి ఇదొక్కటే.

నేమ్ ప్లేట్ మీద "415 వోల్టులు, డెల్టా" అని ఉంటే ఆగండి. ఆ మోటారు వైండింగ్‌కే 415 కావాలి. 230 వీఎఫ్‌డీ పెడితే 50 హెర్ట్జ్ దగ్గర దాని బలం దాదాపు మూడో వంతుకి పడిపోతుంది.

సెట్టింగ్స్ మెనూలో ఏం మార్చాలి?

రేటెడ్ వోల్టేజ్ 230, ఫ్రీక్వెన్సీ 50 పెట్టాలి. మోటారు కరెంటు జాగ్రత్త: ప్లేట్ మీద స్టార్‌కి 3.5 ఆంపియర్లు ఉంటే, డెల్టాలో దాన్ని 1.732తో గుణించాలి, అంటే సుమారు 6. ఈ నంబర్ సరిగ్గా పెడితేనే వీఎఫ్‌డీ మోటారుని కాపాడుతుంది.

స్టార్ట్ అవడానికి 4, 5 సెకన్లు ఇవ్వండి. ఆగడానికి కూడా అంతే. బరువైన చక్‌ని టక్కున ఆపాలని చూస్తే మోటారే జనరేటర్‌లా మారి కరెంటు వెనక్కి పంపుతుంది, వీఎఫ్‌డీ ఓవర్‌వోల్టేజ్ చూపించి ట్రిప్ అవుతుంది. పైగా పాత లేతుల్లో చక్ మరల మీద బిగించి ఉంటుంది. సడన్‌గా ఆపినా, రివర్స్ తిప్పినా అది ఊడి మీదకి రావచ్చు.

ఫ్రీక్వెన్సీ తగ్గిస్తే స్పీడ్ తగ్గుతుంది, ఇదో బోనస్. కానీ మోటారు ఫ్యాన్ కూడా నెమ్మదిస్తుంది కాబట్టి తక్కువ స్పీడ్‌లో ఎక్కువసేపు బరువు కోత వద్దు.

సేఫ్టీ: ఇది స్కిప్ చేయకండి

వీఎఫ్‌డీ పెట్టిన రెండో వారం. మావయ్య పని చేస్తుండగా కరెంటు పోయింది. చక్ ఆగింది. ఆయన ముక్క కొలవడానికి చెయ్యి పెట్టి, ఎందుకో తల తుడుచుకోవడానికి తీశాడు. అంతలో కరెంటు వచ్చింది, చక్ దానంతటదే తిరిగింది. ఇద్దరం కాసేపు మాట్లాడలేదు.

తప్పు మళ్లీ నాదే. నేను మామూలు ఆన్ ఆఫ్ స్విచ్ పెట్టాను. అది ఆన్‌లోనే ఉంది కాబట్టి కరెంటు రాగానే డ్రైవ్ పరుగు మొదలుపెట్టింది. పాత స్టార్టర్‌లో ఈ ప్రమాదం లేదు, కరెంటు పోతే కాంటాక్టర్ విడిపోతుంది, మళ్లీ పచ్చ బటన్ నొక్కాల్సిందే. ఆ సాయంత్రమే నొక్కి వదిలే స్టార్ట్ బటన్, విడిగా స్టాప్ బటన్ ఉండే మూడు వైర్ల కంట్రోల్‌కి మార్చాను. పవర్ వచ్చాక ఆటో స్టార్ట్ కాకుండా సెట్టింగ్ ఆపేశాను. ఎర్ర ఎమర్జెన్సీ బటన్ కూడా పెట్టాం. మన ఊళ్లలో కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడొస్తుందో చెప్పలేం, కాబట్టి కనెక్షన్ ఇచ్చాక ముందు చేయాల్సిన టెస్ట్ ఇదే: నడుస్తుండగా మెయిన్ ఆపి మళ్లీ వేయండి, చక్ కదలకూడదు.

మిగతావి: 2 హెచ్‌పీకి సింగిల్ ఫేజ్ వైపు 12 నుంచి 15 ఆంపియర్లు లాగుతుంది, కాబట్టి బోర్డు నుంచి విడిగా లైను, ఎంసీబీ ఉండాలి. ఎర్తింగ్ తప్పనిసరి. వీఎఫ్‌డీకీ మోటారుకీ మధ్య స్విచ్ పెట్టకూడదు. మెయిన్ ఆపినా కెపాసిటర్లలో ఛార్జ్ ఉంటుంది, మాన్యువల్‌లో చెప్పిన టైం ఆగాకే మూత తీయండి. సముద్రం దగ్గర ఉప్పుగాలికి బోర్డులు తుప్పు పడతాయి, ఇనుప రజను పడితే షార్ట్ అవుతుంది. గాలి ఆడే పెట్టెలో లేత్‌కి దూరంగా బిగించండి. ఇవన్నీ లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తో చేయించండి. రెండోసారి మేమూ అలాగే చేశాం.

ఇంకోటి. ఇంటి మీటర్ మీద సంపాదన పని చేయకూడదు. అనుమతించిన అవసరానికి కాకుండా వేరే దానికి వాడితే విద్యుత్ చట్టం 2003, సెక్షన్ 126 కింద రెట్టింపు టారిఫ్‌తో లెక్క కడతారు. మన జిల్లాకి కరెంటు ఇచ్చే ఏపీఈపీడీసీఎల్‌కి అప్లై చేసి మావయ్య షెడ్డుకి వేరే మీటర్ తీసుకున్నాడు.

ఫైనల్‌గా, ఎవరికి పనికొస్తుంది?

ఒకటే మెషిన్, 3 హెచ్‌పీ లోపు, డెల్టాకి మార్చగలిగే మోటారు: వీఎఫ్‌డీ తీసుకోండి. రెండు మూడు మెషిన్లు ఉంటే రోటరీ ఫేజ్ కన్వర్టర్ చూడొచ్చు. అందులో ఒక పెద్ద త్రీ ఫేజ్ మోటారు ఖాళీగా తిరుగుతూ మూడో ఫేజ్‌ని పుట్టిస్తుంది. దానికి చోటు, చప్పుడు రెండూ ఎక్కువే. టెక్కలి గ్రానైట్ కోసే యూనిట్ల స్థాయి మోటార్లకి ఇవేవీ పనికిరావు, అసలు త్రీ ఫేజ్ లైనే కావాలి. మీ వీధిలో ఇప్పటికే ఆ లైను ఉంటే మీరు కూడా ముందు కనెక్షన్‌కే అప్లై చేయండి, అదే మంచిది.

మావయ్య ఇప్పుడు పొద్దున్న పూట లేత్ నడుపుతున్నాడు. కాశీబుగ్గ నుంచి పాత కస్టమర్లు అరిగిన బుష్‌లు పట్టుకుని బైకుల మీద మా ఊరికి వస్తున్నారు. వీఎఫ్‌డీ డిస్‌ప్లే మీద 50.0 కనపడితే "నీ ఫోను బాగానే పని సేత్తందిరా" అంటాడు. అది ఫోను కాదని చెప్పడం మానేశాను.