వరాహశాస్త్రం: దొడ్డి నుండి శస్త్రచికిత్సశాల వరకు

సింహాచలంలో వరాహమూర్తిని కొలిచే జాతి మనది. ఒకనాడు బంగారు నాణేనికి వరాహమని పేరు పెట్టి, ఆస్తిపాస్తులను వరాహాలలో లెక్కించుకున్నాము. అయినప్పటికీ పంది అన్న మాట మన ఇళ్ళలో తిట్టుగా వినిపించినంతగా శాస్త్రచర్చలో వినిపించదు. ఈ వ్యాసం ఆ లోటును కొంతవరకైనా పూడ్చే ప్రయత్నం. పందిమాంసం తినేవారికీ, శుద్ధ శాకాహారులకూ కూడ ఇందులో సంబంధించిన విషయాలున్నవని మనవి.

ఉంటర్‌ఫ్యోరింగ్ అనగానే మనవారికి టెలివిజన్ సంస్థలు, బీమా కార్యాలయాలు, మ్యూనిక్ విమానాశ్రయానికి పోయే ఎస్-8 రైలు స్ఫురిస్తాయి. ఈసర్ నది తూర్పు ఒడ్డున ఉన్న ఈ ఊరికి తూర్పుగా సుమారు పది కిలోమీటర్ల దూరంలో గ్రూబ్ అనే గ్రామం ఉన్నది. బవేరియా రాష్ట్ర వ్యవసాయ పరిశోధన సంస్థకు చెందిన పశుప్రజనన విభాగం అక్కడే పనిచేస్తున్నది. ఇటు వాయవ్యంగా అంతే దూరం వెళితే ఓబర్‌ష్లైస్‌హైమ్. అక్కడ మ్యూనిక్ విశ్వవిద్యాలయం వారు మనుషుల వైద్యం కోసం పందులను పెంచుతున్నారు. అంటే ఈ ఊరికి ఒక పక్క మాంసం కోసం సాగే వరాహ పరిశోధన, మరొక పక్క గుండె కోసం సాగే పరిశోధన.

మొదట మాంసం సంగతి. బవేరియా రైతులకు ప్రీతిపాత్రమైన పోతుపంది జాతి పేరు పియెత్రేన్. బెల్జియంలోని అదే పేరుగల గ్రామంలో పుట్టిన జాతి ఇది. తెల్లని ఒంటిమీద నల్లని మచ్చలు, బలిసిన తొడలు, తక్కువ కొవ్వు దీని లక్షణాలు. కొవ్వు తక్కువ ఉన్న మాంసానికి బజారులో గిరాకీ పెరిగిన కొద్దీ రైతులు అటువంటి పోతులనే ఏరి ఏరి పెంచారు. కొంతకాలానికి ఒక వింత బయటపడింది. లారీలోకి ఎక్కిస్తుండగానో, ఎండలో నాలుగడుగులు నడిపించినప్పుడో, బలిష్ఠమైన పందులే కాళ్ళు కొయ్యబారి, ఒళ్ళు కాలిపోయి, నిమిషాలలో చనిపోయేవి. బ్రతికి వధశాలకు చేరినవాటి మాంసం కూడ పాలిపోయి, మెత్తబడి, నీరు కారేది.

1970 దశకంలో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు దీనికొక పరీక్ష కనిపెట్టారు. శస్త్రచికిత్సలలో వాడే హాలోథేన్ అనే మత్తువాయువును పందిపిల్లకు కొద్ది నిమిషాలు పీల్పిస్తే, ఈ దోషమున్న పిల్ల కాళ్ళు కర్రల్లా బిగుసుకుంటాయి. లేని పిల్ల హాయిగా నిద్రపోతుంది. అసలు కారణం 1991లో తేలింది. కెనడాలోని టొరంటోలో మెక్‌లెన్నన్ బృందం ఒక జన్యువులో ఒకే ఒక అక్షరం మారినట్లు కనుగొన్నది. కండర కణంలో కాల్షియాన్ని విడుదల చేసే ద్వారం వంటి ప్రోటీన్ ఒకటున్నది. దానిలో 615వ స్థానంలో ఆర్జినిన్ ఉండవలసిన చోట సిస్టీన్ వచ్చి కూర్చున్నది. దానితో ఆ ద్వారం తెరుచుకున్నాక సరిగా మూసుకోదు. కాల్షియం ఏకధారగా ప్రవహించి కండరం బిగుసుకుపోతుంది, వేడి పుడుతుంది. చిక్కేమిటంటే, కండ పుష్టిగా రావడానికి తోడ్పడినదీ ఈ దోషమే. రైతు కోరి ఎన్నుకున్న గుణమూ, పందిని చంపిన దోషమూ ఒకే జన్యువులో ఉన్నాయన్నమాట. రక్తపరీక్షతో జన్యువును గుర్తించడం సాధ్యమైన తరువాతనే, తల్లి వంశాలలో దానిని పూర్తిగా తొలగించి, పోతు వంశాలను జాగ్రత్తగా మలచుకోగలిగారు.

ఈ కథ పందులతో ముగియలేదు. 1960లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో కాలు విరిగిన ఒక యువకుడు, ఎముక కన్నా మత్తుమందుకే ఎక్కువ భయపడ్డాడు. అతని బంధువులలో పదిమంది మత్తుమందు తీసుకున్న సందర్భాలలోనే మరణించారట. వైద్యులైన డెన్‌బరో, లోవెల్‌లు ఆ కుటుంబ చరిత్రను ప్రచురించారు. అదీ పందులలో కనిపించిన జబ్బు వంటిదే. 1975లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో హారిసన్ అనే మత్తువైద్యుడు ఇటువంటి దోషమున్న పందులకు డాంట్రోలీన్ అనే మందు ఇచ్చి బ్రతికించాడు. నేడు శస్త్రచికిత్సశాలలలో ఆ మందును సిద్ధంగా ఉంచుకుంటున్నారంటే దానికి మూలం ఆ పందులే. మన కుటుంబాలలో ఎవరైనా ఆపరేషను బల్లమీద హఠాత్తుగా జ్వరం పెరిగి చనిపోయారని పెద్దలు చెబుతుంటే, ఆ మాట మత్తువైద్యునికి ముందుగా చెప్పడం మంచిది. ఇది వంశపారంపర్యంగా వచ్చేదే.

ఇక దొడ్డిలోని చిక్కులకు వస్తాను. పందికేం తెలుసు పన్నీరు వాసన అంటారు మనవారు. నిజానికి పంది ముక్కు మన ముక్కు కన్నా ఎంతో సూక్ష్మమైనది. వాసన విషయంలో తంటా అంతా మనిషిదే. ఎదిగిన పోతుపంది మాంసాన్ని వేడిచేస్తే కొందరికి మూత్రపు కంపు కొడుతుంది. వృషణాలలో తయారయ్యే ఆండ్రోస్టెనోన్, పేగులలో సూక్ష్మజీవుల వల్ల పుట్టే స్కటోల్ అనే రెండు పదార్థాలు దీనికి కారణం. ఆండ్రోస్టెనోన్ వాసన అందరికీ ఒకే తీరున తోచదు. కొందరికి అసలే తెలియదు, కొందరికి తీయగా ఉంటుంది. ముక్కులోని ఒక గ్రాహక జన్యువులో ఉన్న తేడాయే దీనికి కారణమని 2007లో తేలింది.

ఈ కంపును నివారించడానికి తరతరాలుగా వారం రోజులు నిండని మగపిల్లలకు, నొప్పి తెలియకుండా ఏ మందూ ఇవ్వకుండానే, వృషణాలను తీసివేసేవారు. ఈ పద్ధతిని నిషేధిస్తూ జర్మనీ 2013లో చట్టం చేసింది. అది 2019 నుండి అమలు కావలసి ఉండగా పార్లమెంటు మరి రెండేళ్ళు గడువు పెంచింది. అప్పుడొక జంతుసంరక్షణ సంస్థ పందిపిల్లలనే ఫిర్యాదుదారులుగా చూపి రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్ళింది. న్యాయస్థానం ఆ ఫిర్యాదును స్వీకరించలేదు. చివరికి 2021 జనవరి 1 నుండి నిషేధం అమలులోకి వచ్చింది. ఇప్పుడు రైతుకు మూడు దారులు. ఐసోఫ్లురేన్ వాయువుతో మత్తిచ్చి కోయడం, రెండు విడతల టీకాతో వృషణాల పనిని తాత్కాలికంగా ఆపడం, లేదా ఏమీ చేయకుండా పోతులనే పెంచి వధశాలలో వాసన పసిగట్టేవారిని నియమించడం. టీకా పద్ధతి ఆస్ట్రేలియాలో 1998 నాటి నుండీ ఉన్నది. పందికి కోత లేదు, పైగా తక్కువ మేతతో బాగా పెరుగుతుంది. నా దృష్టిలో మూడింటిలోనూ మేలైనది ఇదే. కాని కొనుగోలుదారు సూదిమందు మాంసమంటే అనుమానిస్తాడేమోనని వ్యాపారులు జంకుతున్నారు.

ఈనిన పందిని ఇనుప కటకటాల మధ్య బంధించడం మరొక వివాదం. విడిచిపెడితే తల్లి పడుకునేటప్పుడు పిల్లలు నలిగి చస్తాయి, బంధిస్తే తల్లికి పక్కకు తిరిగే వీలు కూడ ఉండదు. 2021 నాటి జర్మన్ నిబంధన ప్రకారం ఈతకాలంలో బంధం అయిదు రోజులకు మించరాదు. పాత దొడ్లకు మాత్రం పదిహేనేళ్ళ గడువు ఇచ్చారు. కొత్త దొడ్డి కట్టుకోలేక వృత్తి మానుకున్న రైతులూ ఉన్నారు. 2014లో జర్మనీలో సుమారు 2 కోట్ల 80 లక్షల పందులుండగా, 2023 నాటికి ఆ సంఖ్య 2 కోట్ల 10 లక్షల ప్రాంతానికి దిగింది.

సంఖ్య తగ్గడానికి మరొక కారణం ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్. ఈ వైరస్ మనిషికి సోకదు. పందికి సోకితే బ్రతకడం అరుదు. 2007లో జార్జియా దేశానికి, 2018లో చైనాకు, 2020లో మన అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లకు పాకింది. అదే ఏడాది సెప్టెంబరులో జర్మనీలో, పోలండ్ సరిహద్దున ఒక అడవిపంది కళేబరంలో కనబడింది. వెంటనే చైనా జర్మన్ పందిమాంసం కొనడం మానివేసింది. 2024 జూన్‌లో, అంతకు ముందు వ్యాధి ఉన్న ప్రాంతాలకు ఎంతో దూరాన, హెస్సె రాష్ట్రంలో ఈ వ్యాధి బయటపడింది. అడవిపంది అంత దూరం నడిచి రాదు. మనిషే తెచ్చి ఉంటాడని నిపుణుల అనుమానం. ఉప్పువేసి ఎండబెట్టిన మాంసంలో ఈ వైరస్ నెలల తరబడి బ్రతుకుతుంది. రహదారి పక్కన ఎవరో పారవేసిన ఒక్క శాండ్‌విచ్ ముక్క చాలు.

కనుక ప్రయాణాలలో తినుబండారాల మిగులును మూతగల చెత్తబుట్టలోనే వేయాలి. ఇంకొక మాట, మన సూట్‌కేసుల గురించి. ఐరోపా సమాఖ్య వెలుపలి నుండి వచ్చే ప్రయాణికులు మాంసం, పాలు, వాటితో చేసిన పదార్థాలు తీసుకురావడం నిషిద్ధం. అమ్మ ఎంతో ప్రేమతో కట్టి ఇచ్చిన మటన్ పచ్చడి, కోడి పచ్చడి, వెన్న కాచిన నెయ్యి ఈ కోవలోకే వస్తాయి. ఆవకాయకు ఈ నిబంధనతో పేచీ లేదు. సుంకపు అధికారి డబ్బా తెరిచి పారవేస్తే మనకు కడుపు మండుతుంది గాని, ఆ నియమం వెనుక గాలికుంటు వంటి పశురోగాల భయం ఉన్నది. 2025 జనవరిలో గాలికుంటు బెర్లిన్ సమీపంలో నీటిగేదెల మందలో కనిపించి, ఆ భయం ఊరికే పుట్టినది కాదని రుజువు చేసింది.

ఇప్పుడు ఓబర్‌ష్లైస్‌హైమ్‌కు వెళదాము. అక్కడి ఎక్‌హార్డ్ వోల్ఫ్ బృందం జన్యువులు మార్చిన పందులను పెంచుతున్నది. బ్రూనో రైఖార్ట్ నాయకత్వంలోని మ్యూనిక్ శస్త్రవైద్యులు అటువంటి పంది గుండెను బబూన్ కోతులకు అమర్చగా, ఒక కోతి 195 రోజులు జీవించిందని 2018లో ప్రకటించారు. 2022 జనవరిలో అమెరికాలోని మేరీలాండ్‌లో మొట్టమొదటిసారి ఒక మనిషికి పంది గుండెను అమర్చారు. అతడు రెండు నెలలు జీవించాడు. ఆ గుండెలో పందులకు సహజంగా సోకే ఒక హెర్పిస్ జాతి వైరస్ దాగి ఉన్నట్లు తరువాత కనబడింది. ఈ వైరస్ ఉన్న గుండెలు పొందిన కోతులు త్వరగా చనిపోతున్నాయని జర్మన్ పరిశోధకులు అంతకు రెండేళ్ళ ముందే హెచ్చరించి ఉన్నారు. దీనికి పరిష్కారం దొడ్డిలోనే ఉన్నది. పిల్లలను చాల ముందుగా తల్లి నుండి వేరుచేసి శుభ్రమైన చోట పెంచితే ఆ వైరస్ సోకదు. ఇంత నాజూకైన శస్త్రచికిత్స కూడ పంది పిల్లను ఎన్నవ రోజున తల్లి నుండి వేరుచేశారన్న దానిమీద ఆధారపడుతున్నది!

మన తెలుగునాట ఈ వృత్తిని తరతరాలుగా నిలిపినవారు ఎరుకలవారు. విశ్వవిద్యాలయాల పరిశోధన వారి దొడ్డి వరకు చేరడం నెమ్మదిగానే జరిగింది. తిరుపతిలో సీమ యార్క్‌షైర్ పందికీ నాటు పందికీ సంకరం చేసి టి-17 అనే రకాన్ని రూపొందించారు. దానిలో ముప్పాతిక భాగం సీమ రక్తం, పాతిక భాగం నాటు రక్తం. పెరుగుదల సీమ పందిది, ఎండకు తట్టుకునే శక్తి నాటు పందిది. పియెత్రేన్ కథ తెలిసినవారికి ఆ పాతిక భాగం విలువ సులభంగా బోధపడుతుంది.

మన దేశంలో మరొక సమస్య బద్దెపురుగు. మనిషి మలంలోని దాని గ్రుడ్లు తిన్న పంది కండలలో తిత్తులు ఏర్పడతాయి. ఆ మాంసాన్ని సరిగా ఉడికించక తింటే మనిషి పేగులో పురుగు పెరుగుతుంది. ఇంతవరకు చాలమందికి తెలుసు. తెలియనిది, ఆ గ్రుడ్లు కూరగాయల ద్వారానో, చేతుల ద్వారానో నేరుగా మనిషి నోట పడితే తిత్తులు మెదడులోనే ఏర్పడి మూర్ఛలు తెప్పిస్తాయన్నది. జన్మలో మాంసం ముట్టనివారికీ ఇది వస్తుంది. దీనిని పందిలోనే అరికట్టే టీకాకు మూలమైన ప్రోటీన్‌ను మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో లైటవ్లర్స్ బృందం కనుగొన్నది. దానిని సిస్వాక్స్ పేరిట విపణికి తెచ్చినది మన హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునాలజికల్స్ సంస్థ. పందుల బద్దెపురుగుకు ప్రపంచంలో మొదటి వ్యాపార టీకా ఇదే. టీకా పనిచేస్తుంది. కాని తిత్తులున్న పంది పైకి ఆరోగ్యంగానే తిరుగుతుంది, టీకా వేసినందువల్ల రైతుకు ఒక్క కిలో మాంసమైనా అదనంగా రాదు. లాభమంతా ఊళ్ళోని మనుషుల మెదళ్ళకు, ఖర్చంతా పందులవానికి. ఆ ఖర్చును పశుసంవర్ధక శాఖ భరించాలా, ప్రజారోగ్య శాఖ భరించాలా అన్నదే ఇప్పుడు తేలవలసినది.